శాటిలైట్ పడే టైమ్ వేసేటప్పుడు 'అటూ ఇటూ ఎంత' అనేది కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పాత శాటిలైటో రాకెట్ ముక్కో పడబోతోంది అనగానే టీవీల్లో, పేపర్లలో, వాట్సాప్‌లో ఫలానా టైమ్‌కి ఫలానా చోట అని వచ్చేస్తుంది, జనం భయపడతారు, అది వేరే ఎక్కడో పడ్డాక సైంటిస్టులకి ఏమీ తెలీదంటారు. ఈ రెండూ తప్పే అండి.

అసలు ఈ డేటా ఎక్కువ భాగం అమెరికా స్పేస్ ఫోర్స్ వాళ్ల రాడార్లు, టెలిస్కోపుల నుంచి వస్తుంది. శాటిలైట్‌ని ఇరవైనాలుగు గంటలూ ఎవరూ చూస్తూ కూర్చోరు, అది రాడార్ మీదుగా పోయినప్పుడు దొరికిన కొలతలతో కక్ష్య లెక్కకట్టి రెండు లైన్ల అంకెలుగా పెడతారు, స్పేస్-ట్రాక్, సెలెస్‌ట్రాక్ సైట్లలో ఎవరైనా ఫ్రీగా తీసుకోవచ్చు. శాటిలైట్ ఎక్కడుందో చూపించే ఫోన్ యాప్‌లో కదిలే చుక్క చాలావరకు ఆ అంకెలని ఎస్‌జీపీ4 అనే ఫార్ములాలో వేస్తే వచ్చిన అంచనానే. సిగ్నల్ పోయాక కూడా రైలుని ముందుకి జరుపుతూ చూపించే రన్నింగ్ స్టేటస్ లాంటిదన్నమాట. కొలిచిన రోజే కిలోమీటర్ దాకా తేడా ఉంటుంది, తర్వాత రోజుకి ఇంకో ఒకటి నుంచి మూడు కిలోమీటర్లు పెరుగుతూ పోతుంది. మధ్యలో శాటిలైట్ ఇంజన్ వేసుకుని పక్కకి జరిగితే ఆ పాత అంకెలు ఇక పనికిరావు. సుమారు 10 సెంటీమీటర్ల కంటే చిన్న ముక్కలైతే చాలావరకు లిస్టులోనే ఉండవు.

కిలోమీటరే కదా అనుకోకండి. 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం 33 అనే అమెరికా ఫోన్ శాటిలైట్, రష్యా పాత శాటిలైట్ కాస్మోస్ 2251 గుద్దుకున్నాయి. ఈ పబ్లిక్ డేటాతో వేసిన లెక్క ప్రకారం అవి 584 మీటర్ల దూరంలో దాటిపోవాలి, ఆ రోజు ప్రమాదకరమైన వాటి లిస్టులో అది పైన కూడా లేదు! ఆ గుద్దుకున్న ముక్కలు చాలా ఇంకా పైనే తిరుగుతున్నాయి.

పడిపోయేవాటితో ఇంకా కష్టం, ఎందుకంటే పైన పల్చగా ఉండే గాలి సూర్యుడి మూడ్‌ని బట్టి ఉబ్బుతుంది, అప్పుడు గాలి రాపిడి పెరిగి శాటిలైట్ తొందరగా కిందికొచ్చేస్తుంది. 2022 ఫిబ్రవరిలో సౌర తుఫాను వచ్చి అప్పుడే పంపిన 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ శాటిలైట్లలో దాదాపు 40 పోయాయి. ఒక రోజు ముందు చెప్పిన టైమ్‌కి అటూ ఇటూ నాలుగైదు గంటలు ఉండటం మామూలే, కానీ అది సెకనుకి 7.8 కిలోమీటర్లు పోతుంది, ఒక్క నిమిషం తేడా అంటే హైదరాబాద్ నుంచి నేరుగా గీత గీస్తే తిరుపతి దాటినంత దూరం, ఇక గంటల తేడా అంటే ఏ ఖండమో కూడా చెప్పలేం. 1979లో అమెరికా స్పేస్ స్టేషన్ స్కైలాబ్ పడుతుందని మన ఊళ్లలో మేకల్ని, కోళ్లని కోసుకు తినేశారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు, అది చివరికి హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. మొన్న 2025 మేలో సోవియట్ వాళ్ల పాత అంతరిక్ష నౌక కాస్మోస్ 482 పడినప్పుడు కూడా రష్యా చెప్పిన చోటుతో మిగతా సంస్థల లెక్కలన్నీ కలవలేదు.

మన దగ్గర శ్రీహరికోటలో మల్టీ ఆబ్జెక్ట్ ట్రాకింగ్ రాడార్ ఉంది, బెంగళూరులో ఇస్రో సెంటర్ 2022 నుంచి ఇదే పని చూస్తోంది. అలాంటప్పుడు విదేశీ సైట్‌లో ఉన్న ఒక్క టైమ్ తెచ్చి హెడ్డింగ్ పెట్టడం ఎందుకండీ, ఇస్రో వాళ్లని కూడా అడగండి. టైమ్ వేస్తే దాని పక్కనే ఎన్ని గంటలు అటూ ఇటూ, ఎవరి డేటా, ఏ రోజు లెక్క అన్నది ఒక్క లైన్ వేయండి చాలు.

ఇట్లు
ఒక పాఠకుడు, సూళ్లూరుపేట