పాప పియానో సంగతి

కర్నూలు

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. పాపకు డిజిటల్ పియానో కొనాలని నువ్వు గీసి పంపిన ఆరు మోడళ్ళ పట్టిక రెండుసార్లు చూశాను. ఎన్ని వాయిస్‌లు, ఎన్ని వాట్లు, బ్లూటూత్ ఉందా లేదా, అన్నీ రాశావు గానీ కీల గురించి ఒక్క గడి కూడా లేదు. మన హార్మోనియం వాళ్ళు మెట్లు అంటారే, అవే. ఆ గడిని మొట్టమొదట పెట్టు. పాప రోజూ గంటసేపు తాకేది వాటినే. డబ్బు అక్కడ పెట్టు, మిగతావాటిలో సర్దుకుందాం.

కొట్లో మూడు మాటలు కలిపేసి చెబుతారు, జాగ్రత్త. 'టచ్ సెన్సిటివ్' అంటే మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా మోగుతుందని మాత్రమే. అది 61 కీల కీబోర్డులో కూడా ఉంటుంది. 'సెమీ వెయిటెడ్' అంటే కింద స్ప్రింగే, కాస్త బిగువుగా ఉంటుంది. మనకు కావలసింది 'హ్యామర్ యాక్షన్'. అసలు పియానోలో కీ నొక్కితే లోపల ఒక సుత్తి లేచి తీగను కొడుతుంది, వేలు మోసేది ఆ సుత్తి బరువునే. డిజిటల్ పియానోలో తీగలుండవు గానీ ఒక్కో కీకి ఒక చిన్న బరువు తగిలించి అదే స్పర్శ తెప్పిస్తారు. ఎడమ చివర మంద్రం వైపు కీలు బరువుగా, కుడికి పోయేకొద్దీ తేలికగా ఉంటే దాన్ని 'గ్రేడెడ్' అనో 'స్కేల్డ్' అనో అంటారు. స్ప్రింగు నొక్కేకొద్దీ బిగుసుకుంటుంది. సుత్తి బరువు మొదట మొరాయించి, కదిలాక సులువుగా దిగిపోతుంది. రెండేళ్ళు స్ప్రింగుకు అలవాటు పడిన వేళ్ళు రేపు అసలు పియానో ముందు కూర్చుంటే సగం స్వరాలు పలకవు, పలికినవి ఒకే జోరులో పలుకుతాయి.

అయితే పాప ఏం వాయించబోతోందో ముందు తేల్చుకోండప్పా. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం లాంటి లండన్ సంగీత బోర్డుల గ్రేడ్ పరీక్షల దారైతే 88 కీల హ్యామర్ యాక్షనే తీసుకో, వేలు తీసినా స్వరాన్ని సాగనిచ్చే సస్టెయిన్ పెడల్ కూడా ఉండాలి. చర్చిలో పాటలకు రిథమ్ వేసి వాయించడం, సినిమా పాటలు, ఆర్కెస్ట్రా అయితే పియానో దండగ. దానికి యమహా పిఎస్ఆర్-ఐ500 లాంటి 61 కీల అరేంజర్ కీబోర్డే సరైనది, మన వాద్యాలు, తాళాలు లోపలే ఉంటాయి. అందులో స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రం ఉంటుంది, డిజిటల్ పియానోల్లో సాధారణంగా ఉండదు. అది లేకుండా సినిమా పాటలోని జారుడు రాదు. చెల్లెమ్మ పాటకు తోడుగా వాయించాలన్న కోరిక కూడా ఉందన్నావు. దానికి ట్రాన్స్‌పోజ్ ఉంటే చాలు. అన్ని కీల శ్రుతినీ ఒకేసారి పైకీ కిందికీ జరిపే సెట్టింగు అది, అన్నిటిలోనూ ఉంది. పాప 'సి' నుంచి వాయిస్తుంటే అయిదో శ్రుతికి తెలుపూ నలుపూ కలిపి అయిదు మెట్లు కిందికి జరిపితే 'జి' పలుకుతుంది. ఇంట్లో పాత హార్మోనియం ఉంటే దాని శ్రుతి పియానోల ప్రమాణమైన 440 హెర్ట్జ్‌కి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, అప్పుడు పియానోలోని ట్యూనింగ్ సెట్టింగుతో సరిచేసుకోవచ్చు.

పాత అసలు పియానో చవగ్గా వస్తే కొనేద్దామా అని కూడా అడిగావు. వద్దు మామా. అందులో రెండు వందలకు పైగా తీగలు, వాటి కింద పెద్ద చెక్క పలక. అనంతపురం ఎండకు ఆ చెక్క తేమ పోయి కుంచించుకుంటుంది, వాన పడ్డప్పుడు ఉబ్బుతుంది, ప్రతిసారీ శ్రుతి చెడుతుంది. ఏడాదికి రెండుసార్లయినా ట్యూనింగ్ చేయించాలి, ఆ మనిషి బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో రావాలి.

కీ బరువు చూడటానికి ఒక కిటుకు ఉంది. 2011 తర్వాత వచ్చిన చిన్న రూపాయి బిళ్ళ బరువు 3.79 గ్రాములు. అవి 14 పేర్చి టేపు చుట్టు, 53 గ్రాములవుతుంది. అసలు పియానోలో మధ్య 'సి' కీ దాదాపు 50 గ్రాములకు దిగుతుంది. ఆ దొంతిని కీ ముందు అంచు మీద నిలబెట్టి మెల్లగా వదులు. నిదానంగా కిందికి దిగితే బాగుంది. దిగకపోతే మరో నాలుగు బిళ్ళలు వెయ్యి, డిజిటల్ వాటిలో కొంచెం ఎక్కువ బరువు ఉండటం మామూలే. ఏడెనిమిది బిళ్ళలకే దిగిపోతే కీ మరీ తేలిక. ఇరవై దాటినా కదలకపోతే తొమ్మిదేళ్ళ పిల్ల చేతికి బరువెక్కువ. పది రూపాయల బిళ్ళలు వాడొద్దు, వాటి వెడల్పు 27 మిల్లీమీటర్లు, కీ వెడల్పు 23.5 కూడా ఉండదు, పక్క కీల మీద ఆనుకుని లెక్క తప్పుతుంది.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది, ఎవరూ చెప్పరు. కీ ఏతం లాంటిది. ఏతంలో తొక్కే చోటికి ఇరుసు దూరంగా ఉంటే తొక్కడం సులువు, దగ్గరికొస్తే ఒళ్ళు హూనమవుతుంది. డిజిటల్ పియానో పెట్టెను ముందు నుంచి వెనక్కి ఎంత సన్నగా చేస్తే లోపల కీ ఇరుసు అంత ముందుకు వస్తుంది. అప్పుడు కీ ముందు అంచున హాయిగా ఉంటుంది, లోపలి వైపు, నల్ల కీల మధ్యకు వేలు పోయేసరికి రాయిలా తగులుతుంది. రెండో మూడో గ్రేడు దాకా ఇది తెలియదు, ఆ తర్వాత నల్ల కీలు ఎక్కువున్న పాటల్లో బయటపడుతుంది. అందుకని కొట్లో తెల్ల కీని చివరంటా లోపల, నల్ల కీల పక్కన నొక్కి చూడు. ముందు అంచునా, లోపలా రెండు చోట్లా మెల్లగా పలికించగలిగితే తీసుకో.

ఇప్పుడు నీ పట్టికకు వద్దాం. ధరలు పండగ ఆఫర్లను బట్టి మారతాయి, కాబట్టి రెండు వరసలుగా చూడు.

కింది వరసలో యమహా పి-145, క్యాసియో సిడిపి-ఎస్110, రోలాండ్ ఎఫ్‌పి-10. ధర తక్కువ వరస ఇది. ఈ మూడింటిలో కీల వరకు నా ఓటు రోలాండ్‌కే. ఒక్కో కీ కింద మూడు సెన్సర్లు ఉంటాయి, కీ పూర్తిగా పైకి లేవకముందే మళ్ళీ కొట్టినా పలుకుతుంది, ఒకే స్వరం గబగబా కొట్టే చోట అది తెలుస్తుంది. పాలిఫొనీ, అంటే ఒకేసారి మోగగల స్వరాల లెక్క, 96, మిగతా రెండింటిలో 64. దాని లోపాలూ చెబుతాను. స్పీకర్లు 6 వాట్లవి రెండే, బయటి స్పీకర్లకు కలిపే లైన్ అవుట్ రంధ్రం లేదు, స్కూలు వేదిక మీద మైకు సెట్టుకు తగిలించాలంటే హెడ్‌ఫోన్ రంధ్రమే గతి. బ్లూటూత్ ఉంది గానీ అది మిడీ బ్లూటూత్. ఫోన్లోని నేర్చుకునే యాప్‌తో మాట్లాడుతుంది తప్ప ఫోన్లో పాట పెడితే పియానో స్పీకర్లలో రాదు. చాలామంది కొన్నాక ఇక్కడే ఉసూరుమంటారు. యమహా రోలాండ్ కన్నా తేలిక, ఎక్కడైనా దొరుకుతుంది, కీల స్పర్శ కాస్త మెత్తన. క్యాసియోకు 6 ఏఏ సెల్లులు వేసి కరెంటు లేకుండా వాయించవచ్చు, ఎండాకాలం కోతల్లో అది చిన్న విషయం కాదు.

పై వరసలో యమహా పి-225, క్యాసియో పిఎక్స్-ఎస్1100, రోలాండ్ ఎఫ్‌పి-30ఎక్స్. ఇక్కడ పెరిగేది ముఖ్యంగా శబ్దం, అవుట్‌పుట్లు, పాలిఫొనీ. మొదటి రెండింటిలో 192, రోలాండ్‌లో 256. కానీ చూడు, ఎఫ్‌పి-10లోనూ ఎఫ్‌పి-30ఎక్స్‌లోనూ కీల యంత్రం ఒక్కటే. నువ్వు ఎక్కువ ఇచ్చేది 11 వాట్ల స్పీకర్లకు, లైన్ అవుట్‌కు, ఆడియో బ్లూటూత్‌కు. హెడ్‌ఫోన్ పెట్టుకుని సాధన చేసే పాపకు అవి ఇప్పుడే అవసరమా అని చెల్లెమ్మతో కూర్చుని మాట్లాడుకో. పిఎక్స్-ఎస్1100 చూపుకు అందరికన్నా అందమైనది, ఈ వరసలో అన్నిటికన్నా సన్ననిది కూడా, పైన చెప్పిన ఏతం పరీక్ష దాని మీద తప్పకుండా చెయ్యి.

పాలిఫొనీ గురించి నీకు భయం పట్టుకున్నట్టుంది. అది ఒకేసారి మోగగల స్వరాల లెక్క. పది వేళ్ళకు 64 ఎందుకంటే, పెడల్ నొక్కి ఉంచితే వదిలేసిన స్వరాలు కూడా మోగుతూనే ఉంటాయి, స్టీరియోలో ఒక్కో స్వరానికి రెండు లెక్క పడొచ్చు. లెక్క మించితే పాతది ఒకటి గుట్టుగా తెగిపోతుంది. మొదటి నాలుగైదేళ్ళు 64తో ఇబ్బంది రాదు.

పెట్టెలో వచ్చే పెడల్ మాత్రం నాకు నచ్చదు. అగ్గిపెట్టె అంత ప్లాస్టిక్ ముక్క, మన కడప బండల నేల మీద ఆగనే ఆగదు, కాలితో వెతుక్కుంటూ పాట ఆగిపోతుంది. పియానో పెడల్ ఆకారంలో ఉన్న బరువైనది వేరే కొను, కింద రబ్బరు పట్టీ వెయ్యి. వేరే కంపెనీది కొంటే ఒక చిక్కు రావొచ్చు: నొక్కితే స్వరం ఆగుతుంది, వదిలితే సాగుతుంది, అంతా తలకిందులు. చెడిపోయిందని తిప్పి పంపకు. వేర్వేరు కంపెనీల పెడల్ స్విచ్చులు ఒకదానికొకటి వ్యతిరేకంగా పనిచేయొచ్చు. పెడల్ కింద చిన్న మీట ఉంటే అటు జరుపు. లేకపోతే పియానో ఆపి, పెడల్ గుచ్చి, దాని మీద కాలు పెట్టకుండా స్విచ్చు వెయ్యి. కొన్ని పియానోలు ఆన్ చేసేటప్పుడు పెడల్ ఎలా ఉంటే దాన్నే 'వదిలిన స్థితి' అనుకుంటాయి. కాలు పెట్టి ఆన్ చేసినా ఈ తిరగబడే జబ్బే వస్తుంది.

స్టాండు 'ఎక్స్' ఆకారంది వద్దు. 88 కీల పెట్టె దాదాపు 130 సెంటీమీటర్లు ఉంటుంది, రెండు చివర్లూ ఊగుతాయి, మోకాళ్ళూ తగులుతాయి. నాలుగు కాళ్ళ ఇనుప స్టాండు గానీ, ఆ మోడల్‌కే చేసిన చెక్క స్టాండు గానీ తీసుకో. కొలతలిస్తే వడ్రంగి టేకుతో చేసిస్తాడు, తెల్ల కీల పై అంచు నేల నుంచి 72, 73 సెంటీమీటర్లు ఉండేట్టు చెప్పు. స్టాండు, పెడల్, బెంచీ, హెడ్‌ఫోన్ అన్నిటికీ కలిపి కనీసం పది వేలు పక్కన పెట్టుకున్నాకే పియానో ధర చూడు. యాభై వేలుంటే నలభైది కొనాలన్నమాట. ధర గడి పక్కన ఈ గడి కూడా గీయి.

ఇల్లు పై అంతస్తు కదా. హెడ్‌ఫోన్ పెట్టుకున్నా కీల దబ్‌దబ్ చప్పుడు స్టాండు కాళ్ళ గుండా కింది ఇంటికి పోతుంది. కాళ్ళ కింద మందపాటి రబ్బరు ముక్కలు పెట్టు. గదిలో బండలు, సున్నం గోడలు తప్ప ఏమీ లేకపోతే శబ్దం గింగిరాలు తిరుగుతుంది, ఒక జంపఖానా, ఒక మందపు కర్టెన్ వేస్తే చాలు. పియానోను గోడకు ఆనించే ముందు స్పీకర్లు ఎటు చూస్తున్నాయో చూసుకో.

దుమ్ము దీనికి అసలు శత్రువు. కీల కింద సెన్సర్లుగా రబ్బరు గుబ్బలు ఉంటాయి, వాటి మీద దుమ్ము చేరితే కీ పలకడం మానేస్తుంది, లేదా ఎంత మెల్లగా నొక్కినా పిడుగులా మోగుతుంది. వాయించడం అయ్యాక గుడ్డ కప్పడం పాపకే అప్పజెప్పు. కిటికీ పక్కన ఎండ పడేచోట వద్దు. ఇన్వర్టర్ మీద నడిపితే స్పీకర్లలో జుమ్మని వినిపించొచ్చు, ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్గు నుంచి లాప్‌టాప్ కలిపినా అంతే. ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి చూడు. అడాప్టర్ పోతే వేరేది గుచ్చేయొద్దు, వోల్టేజీ ఒకటే అయినా మధ్య సూది ప్లస్సా మైనస్సా అన్నది తేడా ఉంటే లోపల కాలిపోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌కు పోతే హెడ్‌ఫోన్ పెట్టుకుని 88 కీలూ ఒక్కొక్కటే, చాలా మెల్లగా, ఒకే బలంతో నొక్కుకుంటూ పో. గట్టిగా వాయించి చూపిస్తే లోపాలన్నీ దాక్కుంటాయి. మధ్య రెండు స్థాయిల కీలే ఎక్కువ అరుగుతాయి, అక్కడ టకటక చప్పుడు చివర్లకన్నా ఎక్కువుంటే బేరం తగ్గించు.

కొనడానికి మాత్రం బెంగళూరు పోయి చేత్తో తాకి రా, అనంతపురం నుంచి పొద్దున రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. పాపను తీసుకుపో, నీ వేళ్ళకు నచ్చింది దానికి నచ్చకపోవచ్చు. మూడు మోడళ్ళ మీదా ఒకే పాట వాయించమను, వాల్యూమ్ సమానంగా పెట్టించు, లేకపోతే గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది. వారంటీలో చెడితే మనిషి అనంతపురం వస్తాడా, మనమే పెట్టె మోసుకు రావాలా అని అడిగి బిల్లు వెనక రాయించుకో. కారులో తెస్తే వెనక సీటుకు అడ్డంగా పట్టడం కష్టం, ముందు సీటు వాల్చి పొడుగ్గా పెట్టాలి. ఎండలో కారు ఆపి భోజనానికి పోవద్దు. కొరియర్‌లో వస్తే అట్టపెట్టె విప్పుతున్నప్పుడే వీడియో తీయి, కీల వరస పక్కనుంచి చూడు, ఒక్క కీ ఎత్తుగానో పల్లంగానో ఉన్నా దారిలో దెబ్బ తగిలినట్టే. అట్టపెట్టె ఏడాది దాకా పారేయకు.

బెంచీ ఒక్కటి మిగిలింది. మోచెయ్యి తెల్ల కీల ఎత్తుకు సరిగ్గా రావాలి. పాపను గట్టి కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, చెయ్యి వదులుగా వేలాడదీయమని, సీటు నుంచి మోచేతి దాకా ఎన్ని సెంటీమీటర్లో కొలువు. 73 లోంచి అది తీసేస్తే బెంచీ ఎత్తు. 18 వస్తే 55 బెంచీ, అప్పుడు కాళ్ళు నేలకందవు కాబట్టి కింద ఒక పీట కావాలి. కొలత రాసి పంపు, పీట ఎత్తు నేను లెక్కగట్టి చెబుతాను.

నీ
మామ