ఊలు టోపీలు ఇంకా వరండాలోనే ఉన్నాయి: జిల్లా అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా అధికారి గారికి,

నమస్కారములు. లడఖ్‌లో కాపలా కాస్తున్న మన సైనికుల కోసం, ఆపరేషన్ సద్భావన కింద సైన్యం నడిపే గుడ్‌విల్ పాఠశాలల్లో చదివే అక్కడి పిల్లల కోసం మా నరసాపురం ప్రాంతపు లేసు కార్మికులు అల్లిన ఊలు టోపీలు, దాతలిచ్చిన నోటు పుస్తకాలు తమ కార్యాలయానికి అప్పగించి నెలలు గడిచాయి. పంపడానికి అనుమతి పత్రం కావాలన్నారు. అర్జీలు పెట్టుకున్నాం, జవాబు రాలేదు. అందుకే నలుగురి ఎదుట రాయవలసి వచ్చింది.

మొన్నటి ముసురుకు తమ కార్యాలయ వరండాలో ఉన్న మూటల్లో అడుగుది తడిసి పుస్తకాల అట్టలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. పసిపిల్లల టోపీల అంచులకు బూజు పట్టింది. లేసు కూలే ఆధారమైన ఆడవాళ్లు ఆ పని పక్కనపెట్టి, ఊలు కూడా సొంత డబ్బుతో కొని అల్లినవి అవి. వారిలో ఒకావిడ కొడుకు సరిహద్దులోనే ఉన్నాడు. అందాయా అని ఆవిడ అడిగితే ఏం చెప్పాలో మాకు తోచడం లేదు. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న సైనికుల సంక్షేమానికి ఉద్దేశించిన పతాక నిధికి చందాలు అడుగుతున్నారు, ఇస్తూనే ఉన్నాం. ఇచ్చిన వస్తువును చేర్చడమే ఇంత కష్టమైంది.

చలి ముదిరితే కశ్మీర్ నుంచి లడఖ్‌కు వెళ్లే దారిలోని జోజిలా కనుమ మంచుతో మూసుకుపోతుంది. కాబట్టి ఈ నెలాఖరులోగా సైనిక విభాగాన్ని సంప్రదించి అనుమతి ఇప్పించండి. నిబంధన అడ్డమైతే అదేమిటో రాతపూర్వకంగా తెలిపి, సామాను మాకు తిరిగి అప్పగించండి. పాడైనవాటిని మేమే మళ్లీ అల్లుకుంటాం.

భవదీయుడు,
విరాళాలు సేకరించిన వారిలో ఒకడు