శనివారం సాయంత్రపు తరగతుల గురించి మిత్రుడికి ఉత్తరం

తిరుపతి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మదనపల్లెలో క్రిమినల్ కేసులు చేసే జూనియరు లాయర్ల కోసం తరగతులు మొదలుపెట్టాలని అనుకుంటున్నామనీ, ఇక్కడ మేము శనివారం సాయంత్రాలు ఎలా నడుపుతున్నామో వివరంగా రాయమనీ అడిగావు. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను, ఓపికగా చదువు.

మన సీనియర్లు 1860 నాటి శిక్షాస్మృతినీ, 1872 నాటి సాక్ష్య చట్టాన్నీ వయసులో ఉండగా ఒకసారి గట్టిగా పట్టుకుని, ఆ పట్టుతోనే ప్రాక్టీసు ముగించగలిగారు. 2024 జూలై 1న మూడు కొత్త చట్టాలు అమలులోకి రావడంతో ఆ వెసులుబాటు మనకు లేకుండా పోయింది. హత్యకు శిక్ష చెప్పే 302వ సెక్షన్ కాస్తా 103 అయిందనీ, మోసానికి సంబంధించిన 420 వెళ్ళి 318లో చేరిందనీ చెప్పే పట్టిక ఏ పుస్తకాల షాపులోనైనా దొరుకుతుంది కనుక దానికోసం తరగతి పెట్టనక్కరలేదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఆ జూన్‌లో జరిగిన నేరానికి జూలైలో ఎఫ్ఐఆర్ కడితే, నేరం పాత శిక్షాస్మృతి కిందికి వస్తుంది, దర్యాప్తు మాత్రం అరెస్టు, బెయిలు, విచారణల పద్ధతి చెప్పే కొత్త చట్టం, అంటే సురక్షా సంహిత ప్రకారం నడుస్తుంది. ఒకే లాయరు ఉదయం ఒక కోర్టు హాల్లో పాత పద్ధతిలో విచారణ చేసి, మధ్యాహ్నం పక్క హాల్లో కొత్త పద్ధతిలో బెయిలు వాదించాలి.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది డిశ్చార్జి పిటిషన్ గడువు, అంటే విచారణ దాకా పోకుండానే ముద్దాయిని కేసునుంచి తప్పించమని అడిగే అర్జీకి గడువు. పూర్వం ఛార్జి చదివేలోపు ఎప్పుడు వేసినా సరిపోయేది. ఇప్పుడు సెషన్స్ కేసులో మేజిస్ట్రేటు కేసును సెషన్స్ కోర్టుకు పంపిన (కమిట్ అయిన) తేదీ నుంచీ, మేజిస్ట్రేట్ కోర్టులోని వారెంటు కేసులో కాపీలు ఇచ్చిన తేదీ నుంచీ 60 రోజుల్లోపు వేయాలని చట్టం స్పష్టంగా చెబుతోంది. ఈ సంగతి తెలియని జూనియరు వాయిదా మీద వాయిదా తీసుకుంటూ పోతే నష్టపోయేది వకాలతు ఇచ్చిన మనిషే. పోలీసు కస్టడీ కూడా అంతే. మొత్తం 15 రోజులే అయినా, తొలి 40 లేదా 60 రోజుల వ్యవధిలో దాన్ని విడతలుగా అడగవచ్చునన్నారు. దానితో బెయిలు వాదన తీరే మారిపోయింది. లాయర్ల చదువు ఆగకూడదని నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఇదే: మనకు తెలియకపోవడానికి మూల్యం చెల్లించేది జైల్లో ఉన్నవాడు.

మా పద్ధతి చెబుతాను. మొదట్లో పెద్దలను పిలిచి ఉపన్యాసాలు పెట్టించాము. అందరూ శ్రద్ధగా విన్నారు, సోమవారం కోర్టులో మాత్రం ఏ మార్పూ కనిపించలేదు. అందుచేత ఉపన్యాసాలు తగ్గించి, ఒక కల్పిత కేసు కట్ట తయారుచేసుకున్నాము: శేషాచలం అడవి అంచున ఎర్రచందనం దుంగలు పట్టుకున్నట్టు ఎఫ్ఐఆర్, మధ్యవర్తుల నివేదిక, రిమాండు రిపోర్టు, పెన్ డ్రైవ్‌లో ఒక వీడియో, దానితోపాటు కోర్టుకు ఇవ్వవలసిన సర్టిఫికెట్. సోదానూ స్వాధీనాన్నీ ఆడియో వీడియోగా రికార్డు చేయాలని సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతుంది కదా, అందుకని ఆ వీడియోను మేమే ఫోనులో తీశాము. ఒక సీనియరు దర్యాప్తు అధికారిగా బోనెక్కితే జూనియర్లు వంతులవారీగా క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేశారు.

ఆ సాయంత్రం ఒక అమ్మాయి చేసిన క్రాస్ నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. వీడియో మొదలయ్యేసరికే దుంగలు కుప్పగా పేర్చి ఉన్నాయని ఆమె గమనించింది. సాక్షిని కోప్పడకుండా, గొంతు పెంచకుండా, “ఈ వీడియో తీసిన ఫోను మీదేనా?” అని అడిగింది. అవునన్నాడు. “దాన్ని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించింది మీరు కాదు కదా?” కాదన్నాడు. “ఎక్కించిన వ్యక్తి సంతకం ఈ సర్టిఫికెట్‌లో లేదు కదా?” లేదన్నాడు. అక్కడితో ఆపి కూర్చుంది. ఆమె తర్వాత లేచిన కుర్రవాడు “ఎందుకు లేదు?” అని అడిగాడు. బోనులోని సీనియరు అందిన అవకాశాన్ని వదలకుండా రెండు నిమిషాల సంజాయిషీ చెప్పి, ఆమె సాధించినదంతా నీరుగార్చేశాడు. క్రాస్‌లో ఎక్కడ ఆపాలో ఆ రోజు అక్కడున్న ప్రతి జూనియరుకూ అర్థమైంది. ఆ తర్వాతే కొత్త సాక్ష్య చట్టమైన సాక్ష్య అధినియమంలో ఎలక్ట్రానిక్ సాక్ష్యం గురించి చెప్పే 63వ సెక్షన్ తీసి, సర్టిఫికెట్‌లో ఎ భాగం ఎవరు నింపాలి, బి భాగంలో నిపుణుడు ఏం రాయాలి, ఫైలు మారలేదని తేల్చే వేలిముద్రలాంటి హాష్ విలువ దేనికి అన్నవి చదివించాము. అవసరం కళ్ళముందు కనబడ్డాక చదివారు కనుక ఒంటబట్టింది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి మరొకటి ఉంది. ఎర్రచందనం కేసుల్లో ముద్దాయిలు చాలామంది తిరువణ్ణామలై వైపు జవ్వాది కొండలనుంచి కూలికి వచ్చినవాళ్ళు. తెలుగు చదవలేరు, కొందరికి మాట్లాడినా తెలియదు. అరెస్టుకు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిమాండు సమయంలో లాయరు మొదట అడగవలసిన కాగితం అదే. మీకు మదనపల్లెలో కన్నడం మాట్లాడే ముద్దాయిలు వస్తూనే ఉంటారు గనుక ఈ తీర్పును మొదటి తరగతిలోనే పెట్టు. జూనియర్ల చేత తీర్పు మొత్తం చదివించు, తీర్పు పైన వేసే సారాంశంతో, అదే హెడ్‌నోటుతో, సరిపెట్టనీయకు.

ఇలాంటి చదువును తప్పనిసరి చేయాలా అని అడిగావు. అమెరికాలో చాలా రాష్ట్రాలు చేశాయి. కాలిఫోర్నియాలో లాయర్లు మూడేళ్ళకు 25 గంటలు చదివినట్టు చూపాలి. ఇంగ్లండులో సొలిసిటర్లకు మాత్రం 2016లో గంటల లెక్క ఎత్తేసి, నీ పనికి ఏం అవసరమో నువ్వే తేల్చుకుని నేర్చుకో అన్నారు. మన దగ్గర అడ్వొకేట్ల చట్టం సదస్సులూ ప్రసంగాలూ ఏర్పాటుచేసే బాధ్యతను బార్ కౌన్సిళ్ళకు అప్పగించిందే గాని, సన్నదు (వకీలు పని చేసే అనుమతి) ఉన్న ప్రతివాడూ ఏటా ఇంత చదవాలన్న నియమం పెట్టలేదు. నియమం రావాలనే నేను కోరుకుంటాను. అయితే హాజరు పట్టీలో సంతకం పెట్టి టీ తాగి వెళ్ళిపోయే గంటలను లెక్కవేస్తే ప్రయోజనం లేదు. బోనులో సాక్షిని నిలబెట్టి చేసిన గంటలే లెక్కలోకి రావాలి.

ఫోరెన్సిక్ విషయాలకు బయటివారిని పిలవక తప్పదు. ఏడేళ్ళు, అంతకు మించి శిక్షపడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి రావాలన్న నియమం వచ్చాక, ఆ నివేదికను చదవడం తెలియకుండా మనం క్రాస్ చేయలేము. పోస్టుమార్టం రిపోర్టు చదవడం నేర్పడానికి అనుభవమున్న ఒక వైద్యుణ్ణి పిలు. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్‌గా ఉన్నవారిని తప్పకుండా చేర్చుకో. ఫీజు ఇచ్చుకోలేని ముద్దాయిల భారం ఎక్కువగా మోసేది వాళ్ళే. గతంలో ఏ నేరంలోనూ శిక్షపడని ముద్దాయి గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే విడుదలకు అర్హుడన్న సురక్షా సంహిత 479వ సెక్షన్‌ను, అందులోని మినహాయింపులతో సహా, వాళ్ళ చేతే చెప్పించు.

ఒక జాగ్రత్త. నిజమైన ఛార్జిషీట్లు తెచ్చుకుంటే పేర్లూ ఊళ్ళూ కొట్టేసి వాడండి, నడుస్తున్న కేసుల జోలికి వెళ్ళవద్దు. క్లయింటు మనతో చెప్పుకున్న మాట తరగతిలో సైతం బయటపడకూడదు.

మా కల్పిత కేసు కట్ట జిరాక్సు తీయించి బస్సులో పార్సిల్ వేస్తున్నాను, వీడియో ఉన్న పెన్ డ్రైవ్ కూడా అందులోనే ఉంది. అందులో మేము కావాలనే కొన్ని లోపాలు పెట్టాము. అవి ఏవో నీకు రాయను, ముందు మీ జూనియర్లను వెతకనీ. వచ్చే నెలలో ఒక శనివారం ఖాళీ చేసుకుని ఇక్కడికి రా, ఈసారి బోనులో నువ్వు నిలబడుదువుగాని. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు