లింకు వేగాన్ని బ్రౌజర్ చెప్పలేదు

సంపాదకులకు,

నెట్ నెమ్మదించగానే బ్రౌజర్‌లో స్పీడ్ టెస్ట్ నడిపి, వచ్చిన అంకెతో ఫిర్యాదు చేయమని సాంకేతిక శీర్షికలు సలహా ఇస్తుంటాయి. ఆ అంకెలో వైఫై, బ్రౌజర్, కంప్యూటర్ ప్రాసెసర్, అవతలి సర్వరు మీద అప్పుడున్న భారం అన్నీ కలిసిపోయి ఉంటాయి. పెద్ద ఫైలు కాపీ చేసి లెక్కకట్టినా అంతే. డిస్కు నెమ్మదైతే నింద లింకు మీద, అంటే రెండు కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ దారి మీద పడుతుంది.

లింకునే కొలవాలంటే రెండు చివర్లూ మన చేతిలో ఉండాలి, డేటా మెమరీ నుంచి మెమరీకే పోవాలి. ఇందుకు ఐపెర్ఫ్3 అనే వేగం కొలిచే ప్రోగ్రామ్ నమ్మదగినది. ఒక కంప్యూటర్‌లో సర్వరుగా, రెండోదాంట్లో క్లయింటుగా నడపాలి. సర్వరు ఫైర్‌వాల్‌లో అది వాడే 5201 నంబరు పోర్టు తెరవాలి. పాత ఐపెర్ఫ్2తో ఇది కలవదు కాబట్టి రెండు వైపులా ఒకటే ఉండాలి. మామూలుగా 10 సెకన్లే నడుస్తుంది, అది చాలదు. 60 సెకన్లు ఇచ్చి, టీసీపీ (డేటా అందిందో లేదో చూసుకుంటూ పంపే పద్ధతి) వేగం పుంజుకునే మొదటి 5 సెకన్లను ‘ఒమిట్’ ఆప్షన్‌తో వదిలేయండి. తర్వాత ‘రివర్స్’తో ఎదురు దిశలోనూ కొలవండి.

ఒక ప్రవాహంతో (ఒక టీసీపీ కనెక్షన్‌తో) తక్కువ వేగం వచ్చి, నాలుగింటితో బాగా పెరిగిందా? అయితే లింకు సామర్థ్యాన్ని అనుమానించకండి, విండోనో (అందినట్టు జవాబు రాకముందే పంపగల డేటా పరిమాణం), ప్యాకెట్ల నష్టాన్నో (దారిలో పోయిన డేటా ముక్కలు) చూడండి. విండో 64 కిలోబైట్లు, రానుపోను ఆలస్యం 100 మిల్లీసెకన్లు అయితే ఎంత పెద్ద లింకైనా ఒక్కో ప్రవాహం సెకనుకు సుమారు 5.2 మెగాబిట్లు దాటదు. ఐపెర్ఫ్3లో 3.16కు ముందు వెర్షన్లలో ప్రవాహాలు ఎన్ని పెట్టినా అన్నిటినీ ఒకే థ్రెడ్ (ఒకసారికి ఒక్క ప్రాసెసర్ కోర్ మీదే నడిచే పని) మోస్తుంది. పెద్ద లింకుల మీద లింకు నిండకముందే ప్రాసెసర్ కోర్ నిండిపోతుంది.

యూడీపీ (అందిందో లేదో చూసుకోకుండా పంపే పద్ధతి) దగ్గర చాలామంది పొరబడతారు. వేగం చెప్పకపోతే ఐపెర్ఫ్3 సెకనుకు 1 మెగాబిట్ మాత్రమే పంపుతుంది, లింకు సత్తా అంతేననుకుంటారు. వేగం చెప్పి పంపినా, పంపినవారి అంకె కాదు, అందుకున్నవారి అంకె, నష్టం శాతం చూడాలి.

గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల) ఈథర్‌నెట్ తీగ మీద 941 మెగాబిట్ల దాకా వస్తే లింకు నిక్షేపంగా ఉన్నట్టే, మిగతాది హెడర్లకు (ప్రతి ప్యాకెట్‌తో పోయే చిరునామా వగైరా సమాచారానికి) పోతుంది. 94 దగ్గరే ఆగితే కేబుల్ గుచ్చే పోర్టు 100 మెగాబిట్లకు దిగిపోయి ఉంటుంది. ముందు కేబుల్ మార్చి చూడండి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ పనిచేయాలి, 100కి రెండు చాలు.

వేగాల గురించి రాసేటప్పుడు ఏ పనిముట్టుతో, ఏ దిశలో, తీగ మీదా వైఫై మీదా కొలిచారో మీ పత్రిక అంకె పక్కనే అచ్చువేయాలని కోరుతున్నాను. మెగాబిట్లో మెగాబైట్లో కూడా రాయండి, రెంటికీ 8 రెట్ల తేడా.

– ఒక నెట్‌వర్క్ ఇంజినీరు