గోలీకి ఒక ఫ్రీ కిక్ ఉత్తరం

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే గోలీ,

జవాబు రాలేదని తిట్టుకుంటా ఉంటావు. తిట్టుకో, ఆలస్యమైన మాట నిజమే. ఇక్కడ అందరూ బాగుండారు. అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గింది. ఎండలు మామూలే, కొండ మీద రద్దీ మామూలే, గ్రౌండ్‌లో క్రికెట్టోళ్ళు లేచిపోయేదాకా ఫుట్‌బాల్‌కి చోటు లేకపోవడమూ మామూలే. మీ తమ్ముడు సాయంత్రం బస్సుకి బెంగళూరు వస్తా ఉండాడు, వాడి చేతికే ఇస్తా ఉండా. అసలు సంగతికి వచ్చేస్తా.

పోయిన ఉత్తరంలో, ఫౌల్ అయితే దొరికే ఫ్రీ కిక్‌ల గురించి ఒక ముక్క రాసినావే, 'జునిన్యోది గాలివాటం, బెక్‌హామ్‌ది లెక్క' అని. ఒరే, గోల్‌పోస్ట్ కింద నిలబడేవాడివి నువ్వేనా ఆ మాట అనేది? ఆ బ్రెజిల్ ఆటగాడు జునిన్యో ఫ్రెంచ్ క్లబ్ లియోన్‌కి ఆడిన ఎనిమిదేళ్ళలో 100 గోల్స్ కొడితే అందులో 44 ఫ్రీ కిక్‌లే. గాలివాటంగా ఒకటి పోతుంది, రెండు పోతాయి. నలభై నాలుగు పోతాయా?

గాలి సంగతి నువ్వే ఎత్తినావు కాబట్టి గాలి నుంచే చెప్తా. జునిన్యో పేరుపడిన కిక్‌లో బంతికి స్పిన్ ఉండదు. స్పిన్ ఉన్న బంతి ఎటు వంగుతుందో కీపర్‌కి సగం దారిలోనే తెలిసిపోతుంది. స్పిన్ లేని బంతికి అట్లా కాదు. దాని వెనకాల గాలి రెండు పక్కలా ఒకే చోట విడిపోదు. కుట్టు ఎక్కడుంటే దాన్ని బట్టి ఒక పక్క ముందు, ఇంకో పక్క తర్వాత విడిపోతుంది. దాంతో బంతిని పక్కకి నెట్టేస్తుంది. బంతి ఒక్క పిసరు తిరిగితే చాలు, కుట్టు చోటు మారి ఆ నెట్టుడు దిక్కే మారిపోతుంది. దీనికి తోడు, వేగం ఒక హద్దు కిందికి రాగానే గాలి అడ్డు ఉన్నట్టుండి పెరిగి బంతి దబ్బున కిందికి దిగుతుంది. నీ చేతులు పైనే ఉండిపోతాయి (ఆ 'గోపురం' రోజు గుర్తుందా? సరే సరే, రాయను).

ఇప్పుడు కాలి సంగతి. మన పిల్లకాయలకి నేర్పించాలంటే ఇదే వరస. బంతి వాల్వ్‌ని మనవైపు తిప్పి పెట్టాల. నిలబెట్టే కాలు బంతికి పక్కన జానెడు దూరంలో, వేళ్ళు గోల్ వైపు. తన్నే కాలికి బొటనవేలి మొదలు పైన గట్టి ఎముక ఉంటుంది చూడు, దాంతో బంతి నడిమధ్యలో, లేకుంటే వెంట్రుకవాసి కిందగా తగలాల. చీలమండ బిగించి ఉండాల. తగిలిన వెంటనే కాలు ఆపేయాల, పైకి ఊపకూడదు. అందరూ చెడగొట్టేది ఇక్కడే. కాలు బంతి చుట్టూ తిప్పేస్తారు, స్పిన్ పడుతుంది, అయిపోయింది. లేదా ఒళ్ళు వెనక్కి వాలుస్తారు, బంతి బార్ మీదుగా రోడ్డు మీదికి పోతుంది. గట్టిగా తన్నకపోయినా ఊగదు. 18 మీటర్ల నుంచి కొడితే ఊగడానికి టైమే ఉండదు, 25 నుంచి 35 దాకా ఉంటేనే దీని అందం. ఇంకో ముక్క. ఎండలో పడేసిన బంతి ఉబ్బిపోతుంది, నిబంధన ప్రకారం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ లోపల ఉండాల్సిన గాలి ఎక్కువైపోయి కాలికి రాయిలా తగులుతుంది. మన తిరుపతి ఎండకి బంతిని నీడలో పెట్టుకోవాల్సిందే.

ఇంత చెప్పినాక అసలు రహస్యం విను. బంతి ఎటు ఊగుతుందో కొట్టినవాడికీ తెలియదు! అందుకే ఈ కిక్‌ని మూలకి గురిపెట్టడం దండగ. 7.32 మీటర్ల గోల్‌లో కాస్త లోపలికి గురిపెడితే, ఊగింది ఎటు ఊగినా గోల్‌లోనే ఉంటుంది. ఇది లెక్క కాక ఏమిరా?

పైగా జునిన్యో దగ్గర ఉండేది ఇదొక్కటే కాదు. ఎదుటోళ్ళు వరసగా నిలబడి కట్టే గోడ మీదుగా వంచేది వేరే, కీపర్ ముందర పిచ్ పడి ఎగిరేది వేరే, పక్కనుంచి రెండో పోస్టు వైపు వేసేది వేరే. ఆ చివరిది మీ కీపర్ల జాతికి నరకం. ఎవడైనా తల పెడతాడేమో అని నువ్వు ఆగాల, ఎవడూ పెట్టకపోతే నేరుగా లోపలికి పోతుంది. 2009లో బార్సిలోనా మీద ఆడినప్పుడు వాళ్ళ కీపర్ వల్దేస్‌కి జరిగింది అదే. ఎడమ గీత దగ్గర, అంత దూరంలో ఫ్రీ కిక్. ఎవడైనా గోల్ ముందరున్న తనోళ్ళకి వేసే క్రాస్ అనే అనుకుంటాడు. వల్దేస్ అడుగు తడబడేలోపు బంతి ఆ చివర నెట్‌లో ఉంది. 2003లో మ్యూనిక్‌లో జునిన్యో కిక్‌కి జర్మన్ కీపర్ ఒలివర్ కాన్ అంతటోడు డైవ్ చేసి పోస్టుకే గుద్దుకున్నాడు. కాన్‌ని అట్లా చూసినాక కూడా 'గాలివాటం' అంటావా?

జునిన్యో 2001లో వచ్చేదాకా లియోన్ ఒక్కసారి కూడా ఫ్రెంచ్ లీగ్ గెలవలేదు. 2002 నుంచి 2008 దాకా వరసగా ఏడు! జట్టు మొత్తం బాగుండింది, కాదనను. అయితే ఎదుటి డిఫెండర్ 30 మీటర్ల దూరంలో కూడా ఫౌల్ చేయడానికి జంకితే మిడ్‌ఫీల్డ్‌లో ఎంత జాగా దొరుకుతుందో నువ్వే ఆలోచించు. ఇటలీ ఆటగాడు పిర్లో అంతటోడు ఈయన కిక్‌లు చూసి నేర్చుకున్నానన్నాడు. నాకు మాత్రం బ్రెజిల్ తరఫున ఆయనకి దక్కాల్సినంత దక్కలేదనే అనిపిస్తుంది. 2006 వరల్డ్ కప్‌లో జపాన్ మీద దూరం నుంచి కొట్టింది ఒక్కసారి నెమ్మదిగా తిప్పి చూడు, ఫ్రీ కిక్ కాకపోయినా అదే ఊగుడు. ఆ కోపం గురించి వేరే ఉత్తరం రాయాల.

బెక్‌హామ్‌ని తక్కువ చేయడం లేదు, ఆయన వంపు మీద నాకూ... అరే, మీ తమ్ముడు కింద హారన్ కొడతా ఉండాడు. 1998లో జునిన్యో బ్రెజిల్ క్లబ్ వాస్కో తరఫున అర్జెంటీనా క్లబ్ రివర్ ప్లేట్ గ్రౌండ్‌లో కొట్టిన గోల్ సంగతి మిగిలిపోయింది, ఆ గోల్‌తోనే వాళ్ళు దక్షిణ అమెరికా క్లబ్‌ల కప్పు లిబెర్టడోరెస్ ఫైనల్‌కి పోయినారు. సంచిలో లడ్డూలు ఉండాయి, నీ రూమ్మేట్‌కి కూడా పెట్టు. వస్తా ఉండా అని అరిచినా వాడు ఆగేట్టు లేడు.

నీ లెఫ్ట్ బ్యాక్