గడ్డం కత్తి పదునుకి చిన్న సానరాయి చాలు

సంపాదకుడు గారికి నమస్కారం.

మడత కత్తితో గడ్డం గీసుకోవడం గురించి మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. సబ్బు నురగ, చర్మం లాగి పట్టుకోవడం, కత్తి వాలు, ఇవన్నీ బాగానే రాశారు గానీ పదును దగ్గరికి వచ్చేసరికి రెండు ముక్కల్లో తేల్చేశారు. మొద్దుబారితే సాన పట్టేవాళ్లకి ఇవ్వమన్నారు, లేదంటే 1000 నంబరు నుంచి 12000 దాకా (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన) రాళ్ల సెట్టు కొనుక్కోమన్నారు. అది చదివినవాళ్లు సగం మంది కత్తి జోలికే పోరు, మిగతా సగం రాళ్లు కొని కత్తిని అరగదీసి కూర్చుంటారు.

కొత్తగా పదును తీయడం వేరు, ఉన్న పదును నిలబెట్టుకోవడం వేరు. కొత్తగా వాదర తీయాలంటే బరక రాయితో మొదలుపెట్టి, ఒక రాయి పెట్టిన గీతల్ని తర్వాతి నున్నటి రాయితో చెరుపుకుంటూ పోవాలి, దానికి ఓపికా అనుభవం రెండూ కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ పని ఒకసారి తెలిసినవాళ్ల చేత సరిగ్గా చేయించుకుంటే మళ్లీ చాలా కాలం దాని అవసరమే రాదు. ఆ తర్వాత రోజువారీకి కత్తిని దువ్వే తోలు పట్టీ, తోలుతో పని జరగనప్పుడు నున్నటి చిన్న సానరాయి ఒక్కటి, అంతే. గడ్డం గీసేవాళ్ల కోసమే ప్రత్యేకంగా అరచేతిలో ఇమిడే రాళ్లు 20వ శతాబ్దం మొదటి సగంలో బోలెడు తయారయ్యేవి. కత్తి వెంట్రుకని కోయకుండా లాగుతోందనిపిస్తే ఆ రాయి మీద నాలుగు సార్లు తిప్పి, తోలు మీద దువ్వి మళ్లీ పనిలో పడేవాళ్లు. వాళ్లకి రాళ్ల సెట్లు పరుచుకుని కూర్చునే తీరిక ఎక్కడిది?

ఇంత తక్కువ పనితో ఎలా సరిపోతుందని అడగొచ్చు. 2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు వెంట్రుకలు బ్లేడుని ఎలా పాడుచేస్తాయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి ‘సైన్స్’ అనే పరిశోధన పత్రికలో రాశారు. వెంట్రుక ఉక్కు కన్నా దాదాపు 50 రెట్లు మెత్తన, అయినా అది వంగి అంచుకి ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు లోపల అన్నిచోట్లా ఒకేలా లేని చోట, అంచు కంటికి కనపడనంత చిన్న చిన్న పెచ్చులుగా లేచిపోతుందట. వాళ్లు చూసింది మామూలు బ్లేళ్లనే, కానీ మడత కత్తి గీసేదీ ఆ గడ్డాన్నే కదా. అంటే దెబ్బ తినేది అంచులోనూ అంచు, ఆ కాస్త మేర తీస్తే చాలు. దానికి బరక రాయి ఎక్కించడం దేనికి?

ఇంకో సౌకర్యం కత్తి ఆకారంలోనే ఉంది. కూరగాయల కత్తి నూరేటప్పుడు ఏ కోణంలో పట్టాలా అని టెన్షన్ పడతాం. దీనికి ఆ బాధ లేదు, వాదరకి ఎదురు వైపుండే మందపాటి వెన్నూ, వాదరా రెండూ ఒకేసారి రాయికి ఆనించి పెడితే వెన్ను మందమే కోణాన్ని చూసుకుంటుంది. కాబట్టి కోణం విషయంలో మీరు చేయకూడని పని ఒక్కటే, వెన్ను లేపడం.

ఇక పద్ధతి. రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేయండి, లేదా గడ్డానికి వాడే నురగే కాస్త పూయండి. కత్తిని పరుచుకున్నట్టు పెట్టి వాదర ముందుండేలా తోయాలి. రాయి కత్తి పొడవు కన్నా సన్నం కాబట్టి పిడి వైపు మొదలుపెట్టి, తోస్తూనే పక్కకి జరుపుతూ, కొన దగ్గర ముగించాలి. చివర్లో వెన్ను మీద దొర్లించి తిప్పుకుని రెండో వైపుతో అలాగే వెనక్కి రావాలి. రాయి మీదైనా తోలు మీదైనా తిప్పడం ఎప్పుడూ వెన్ను మీదే. నొక్కడం అస్సలు వద్దు, కత్తి బరువు చాలు, చెయ్యి దారి చూపడానికే. రెండు పక్కలా లోపలికి వంపు వచ్చేలా గుల్లగా తీసిన కత్తికి వాదర దగ్గర ఉక్కు ఎంత పల్చగా ఉంటుందంటే కాస్త ఒత్తినా వంగుతుంది, వంగితే రాయి తగలాల్సిన చోట తగలదు. ఇలా మూడు నుంచి ఐదు సార్లు వెళ్లిరావడం, ఆపేయడం.

ఆపేయడం అన్నమాట దగ్గరే జనం జారిపోతారు. బాగుంది కదా అని ఇంకో పది, ఇంకో ఇరవై. అప్పుడు అంచు చివర సన్నటి తీగలాంటిది లేస్తుంది. అది వెంట్రుక మీద పెడితే భలే తెగుతుంది, మురిసిపోతాం, తీరా చెంప మీద రెండో గీతకే విరిగి గరగరలాడుతుంది. అలా అయితే అదే రాయి మీద వెన్ను ముందుకి పెట్టి తేలిగ్గా రెండు మూడు సార్లు లాగి, మళ్లీ మామూలు పద్ధతిలో ఒకటి రెండు సార్లు తోస్తే సర్దుకుంటుంది.

తోలు పట్టీ మీద దిక్కు పూర్తిగా ఉల్టా: అక్కడ వెన్ను ముందు, వాదర వెనకాల. మీ వ్యాసంతో పాటు వేసిన బొమ్మలో తోలు మీద వాదర ముందుకి పెట్టి తోస్తున్నట్టుంది. అలా చేస్తే తోలూ తెగుతుంది, అంచూ పోతుంది. దయచేసి దీనికి సవరణ వేయండి. పట్టీ బిగుతుగా లాగి పట్టుకోవాలని కూడా రాయండి, వదులుగా ఉంటే తోలు అంచు చుట్టూ వంగి పదును గుండ్రంగా చేసేస్తుంది.

ఏ రాయి మంచిదంటే నా దృష్టిలో దాని గురించి మాట్లాడేంత లేదు. బెల్జియంలో తవ్వే పసుపు రంగు రాయి ఉంది, దాన్లో కంటికి కనపడని గోమేదికం లాంటి రవ్వలు ఉక్కుని కోస్తాయి, జర్మనీ పలకరాళ్లు ఉన్నాయి, కృత్రిమంగా చేసినవి ఉన్నాయి. నున్నగా, చదునుగా ఉంటే ఏదైనా పనిచేస్తుంది. పాతది దొరికితే ముందు అద్దం పలక మీద నీళ్లలో వాడే నున్నటి గరుకు కాగితం పరిచి రాయిని దాని మీద రుద్ది చదును చేసుకోండి, అంచులు కూడా కాస్త గుండ్రం చేయండి. రాయి పెచ్చు లేచిన చోట కత్తి తగిలితే వాదరకి గంటు పడుతుంది.

కత్తి లాగిన ప్రతిసారీ రాయి తీయకండి. గడ్డాన్ని గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు నానబెట్టారా లేదా చూసుకోండి, ఎండు వెంట్రుక తెగడం చాలా కష్టం. తర్వాత తోలు మీద ముప్పై నలభై సార్లు దువ్వి చూడండి. అప్పటికీ లాగితేనే రాయి. గోటి మీద గీసి పదును చూసే అలవాటు మానేయాలి, చూసే లోపే పదును పోతుంది. ముంజేతి వెంట్రుకలకి పెట్టి చూడండి చాలు.

కంటికి కనపడే గంటు, వాదర దాకా పాకిన తుప్పు గుంటలు, వంకరగా అరిగిన వెన్ను, వీటికి చిన్న రాయి పనికిరాదు, తెలిసినవాళ్లకి ఇవ్వాల్సిందే. కానీ తిరిగే సాన చక్రం వాళ్లకి మాత్రం వద్దు. నీళ్లు లేకుండా చక్రం మీద పెడితే ఆ పల్చటి అంచు క్షణంలో కాలిపోతుంది, ఉక్కు నీలంగా మారిందంటే గట్టిదనం పోయినట్టే, ఆ మేర మొత్తం అరగదీస్తే తప్ప ఏ రాయీ దాన్ని బాగుచేయలేదు.

ఇంట్లో ఇద్దరు వాడితే కత్తులూ రెండు ఉండాలి. కనపడనంత రక్తం చాలు హెపటైటిస్ బి లాంటివి అంటుకోవడానికి. వాడాక కడిగి, పూర్తిగా తుడిచి, కాసేపు తెరిచి ఆరనిచ్చి మడవండి. నాలుగు రోజులు వాడనప్పుడు చుక్క నూనె రాసి పెట్టండి, పాత కార్బన్ ఉక్కు తడి తగిలితే రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు