పది రోజుల్లో పడాల్సిన మందు జిల్లాలోనే దొరకాలి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా బాబుకి రెండేళ్లు నిండకముందే కవాసాకీ జబ్బు వచ్చింది. రక్తనాళాల గోడలు వాచే జబ్బు ఇది, ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. జపాన్ డాక్టర్ తొమిసాకు కవాసాకీ 1967లో దీని గురించి మొదట రాశారు. ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలలేదు. ఏదో ఇన్ఫెక్షన్ తగిలాక కొందరు పిల్లల్లో రోగనిరోధక శక్తి అదుపు తప్పి సొంత నాళాల మీదే పడుతుందని డాక్టర్లు భావిస్తున్నారు.

గుండెకు రక్తం అందించే నాళాలు ఉబ్బడమే ఇందులో అసలు ప్రమాదం. వైద్యం అందకపోతే నలుగురిలో దాదాపు ఒకరికి ఇలా అవుతుంది. అక్కడ రక్తం గడ్డకడితే పసివాడికి కూడా గుండెపోటు రావచ్చు. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) నరంలోకి ఎక్కిస్తే, నాళాలు ఉబ్బే ముప్పు సుమారు ఇరవై మందిలో ఒకరికే ఉంటుంది.

ఆ పది రోజులు ఎలా కరిగిపోతాయో వినండి. సిరప్ వేస్తే జ్వరం కాసేపు తగ్గి మళ్లీ వచ్చేది. కళ్లు ఎర్రబడ్డాయి, పుసి మాత్రం లేదు. పెదవులు పగిలి రక్తం కారింది. ఒంటి మీద దద్దుర్లు వచ్చి పోయాయి. ఒకచోట వైరల్ అన్నారు, ఇంకోచోట తట్టు అన్నారు, యాంటీబయాటిక్ మార్చారు. లక్షణాలన్నీ ఒకేసారి కనిపించవు, దద్దుర్లు పోయాక చూసిన డాక్టరుకి అవి వచ్చాయని ఎలా తెలుస్తుంది? చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ వాడి చొక్కా విప్పి, ఎడమ భుజం మీద ఎర్రగా కందిన బీసీజీ (క్షయ రాకుండా వేసే టీకా) మచ్చ చూడగానే ఈ జబ్బేనేమో అని అనుమానించారు. అప్పటికే ఒక నాళం కొంచెం ఉబ్బింది. ఇప్పుడు రోజూ ఆస్పిరిన్, మధ్యమధ్యలో ఎకో (గుండె స్కానింగ్).

ఐదు రోజులు దాటిన జ్వరంతో పిల్లలొస్తే ఆ మచ్చ చూడమని, వచ్చిపోయిన దద్దుర్ల గురించి తల్లిని అడగమని ప్రతి పీహెచ్‌సీకీ ఉత్తర్వు పంపండి. బీసీజీ వేసే ఏఎన్‌ఎంలకు ఇది నేర్పడం కష్టమేమీ కాదు.

ఐవీఐజీని వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీస్తారు, అందుకే అంత ఖరీదు. కిలో బరువుకి 2 గ్రాముల లెక్కన పది కిలోల బిడ్డకి 20 గ్రాములు కావాలి. కూలీనాలీ చేసుకునేవాళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల అత్యావశ్యక మందుల జాబితాలో కవాసాకీ కోసం ఈ మందు ఉంది. ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఒకరిద్దరు పిల్లలకు సరిపడా నిల్వ ఉంచండి, పసిపిల్లల గుండె ఎకో చూడగలిగినవాళ్లను వేయండి.

ఇంకొక్క మాట. ఐవీఐజీ ఎక్కించాక ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాని 11 నెలలు ఆపాలి, లేకపోతే అది సరిగా పనిచేయదు. డిశ్చార్జి చేసేటప్పుడే ఆ తేదీని బిడ్డ టీకా కార్డు మీద రాసిచ్చేలా చూడండి.

ఇట్లు,
ఒక తల్లి